చాలు అంటే ఆగే చోటు

బక్కపల్చటి కుర్రాడు. స్కూల్లో అందరూ ఏడిపిస్తుంటారు. ఎక్కడో ఒక ముసలాయన దొరుకుతాడు, తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే పొడుపుకథలా ఉంటుంది. కొన్నాళ్ళు అర్థంకాని పనులేవో చేయిస్తాడు, ఆ పనుల్లోనే విద్య దాగుందని తర్వాత తెలుస్తుంది, చివర్లో ఒక పోటీ, ఎదురుగా ఇన్నాళ్ళూ ఏడిపించినవాడు, ఒకే ఒక్క దెబ్బ, చప్పట్లు. ఈ కథ మీకు నేను చెప్పక్కర్లేదు. ఎన్నిసార్లు వచ్చినా మళ్ళీ కూర్చుని చూస్తాం. నేనూ చూస్తాను. చివరి దెబ్బ దగ్గర ఇప్పటికీ నా పిడికిలి దానంతటదే బిగుసుకుంటుంది.

కానీ ఆ కుర్రాణ్ణి నేనే. అంటే, ముసలాయన దొరికేదాకా. అక్కణ్ణుంచి నా కథ వేరే దారి పట్టింది. అందుకే ఈ కథతో నాకో పేచీ ఉంది, చాలా ఏళ్ళుగా ఉంది, ఇవాళ రాసేస్తున్నాను.

అదంతా అబద్ధమని కాదు. చిన్నవాడు పెద్దవాణ్ణి పడగొట్టడం జరుగుతుంది, జూడో మ్యాట్ మీద కళ్ళారా చూశాను. గొడవెక్కడంటే, ఆ కథ చూసినవాళ్ళకి విద్య అంటే చివరి దెబ్బ, గురువంటే ఆ దెబ్బని దాచిపెట్టుకుని సమయం చూసి చేతికిచ్చేవాడు. రోజూ ఎవడి చేతిలోనో నలిగే పిల్లాడికి అన్నిటికంటే ముందు కావలసింది ఇంకోటి ఉంది. తను "చాలు" అంటే అవతలివాడు ఆగే చోటు. అలాంటి చోటు భూమ్మీద ఒకటుందని తెలియడం. ఏ కథలోనూ ఇది కనపడదు, బహుశా చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి.

పదమూడేళ్ళకి నా బరువు 34 కిలోలు. క్లాసులో పేరు పెట్టి పిలిచినవాళ్ళకంటే పుల్ల అని పిలిచినవాళ్ళే ఎక్కువ. మా క్లాసులోనే భారీగా ఉండే కుర్రాడొకడు ఉండేవాడు, పేరు అనవసరం, ఇప్పుడు వాడికీ పిల్లలుండి ఉంటారు. వాడికో సరదా. వెనకనుంచి వచ్చి మెడ చుట్టూ చెయ్యేసి, నా తల చంకలో ఇరికించుకుని అలాగే కారిడార్ అంతా తిప్పేవాడు. కొట్టేవాడు కాదు. అందుకే ఎవరికైనా చెప్తే "ఆడుకుంటున్నార్లే" అనేవాళ్ళు. నేను "ఒరేయ్ వదలరా, చాలురా" అనేవాణ్ణి. ఆ మాట కోసమే వాడు ఎదురుచూసేవాడని నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. నేను చాలు అన్నాకే చుట్టూ నవ్వులు మొదలయ్యేవి, నేను చాలు అన్నాకే పట్టు బిగిసేది. కొన్నాళ్ళకి అనడం మానేశాను. ఏమీ అనకుండా బిగుసుకుపోయి ఉంటే వాడికి త్వరగా విసుగొచ్చి వదిలేసేవాడు. ఆ కిటుకు నాకు నేనే కనిపెట్టాను. అప్పటికి నాకు తెలిసిన యుద్ధవిద్య అదొక్కటే.

నిజానికి కరాటే నేర్చుకుందామని వెళ్ళాను. గుద్దులు, తన్నులు, చేత్తో పెంకులు పగలగొట్టడం, అవన్నీ కావాలి నాకు. స్కూలు వదిలే వేళకి కరాటే బ్యాచ్ అయిపోయేది, ఆ టైముకి ఉన్నది జూడో ఒక్కటే. జూడోలో గుద్దులూ లేవు, తన్నులూ లేవు. పట్టుకోవడం, పడెయ్యడం, పడేశాక అదిమిపెట్టడం. నేను దేన్నుంచి పారిపోయి వచ్చానో సరిగ్గా దాన్నే ఇక్కడ పాఠంగా చెప్తున్నారు! మొదటిరోజే వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను.

నేర్పే ఆయన్ని అందరూ మాస్టారు అనేవాళ్ళు. అరవై దాటి ఉంటాయి. ఒక మోకాలు పూర్తిగా మడత పడదు, అందుకని మ్యాట్ అంచున స్టూలు వేసుకుని ఆ కాలు చాపుకుని కూర్చునేవారు. తెల్లగడ్డం లేదు, పొడుపుకథలు లేవు, మాట్లాడబోయే ముందు కళ్ళజోడు తుడుచుకునే అలవాటు మాత్రం ఉంది. "నాకు కొట్టడం నేర్పండి సార్" అన్నాను. "ఇక్కడ కొట్టడం ఉండదు. ముందు పడటం నేర్చుకో" అన్నారు. ఇందులో లోతైన అర్థమేదో ఉందని అప్పుడు నేనూ అనుకున్నాను. ఏమీ లేదు. నిజంగానే మూడు వారాలపాటు పడటం తప్ప ఇంకేమీ చేయించలేదు.

జపాన్ వాళ్ళు దాన్ని ఉకెమి అంటారు. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి నీ బెల్టు ముడి నువ్వే చూసుకోవాలి, అప్పుడు తల వెనక్కి వాలి నేలకి కొట్టుకోదు. వీపు గుండ్రంగా ఉండాలి. చేతులు ఒంటికి కాస్త ఎడంగా చాపి, అరచేతి నుంచి మోచేతి దాకా మొత్తం ఒకేసారి మ్యాట్‌ని ఫట్‌మని కొట్టాలి, ఊపిరి వదిలెయ్యాలి. పడుతున్నవాడు ఎవడైనా ముందు చేసేది చెయ్యి కింద పెట్టడం, అదే కొంప ముంచుతుంది. ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతుంది, మణికట్టు తట్టుకుంటే మోచేతి మీద, అదీ తట్టుకుంటే మెడ కింది ఎముక మీద. ముందుకు పడితే చిటికెన వేలి అంచు నుంచి మోచెయ్యి, భుజం, వీపు మీదుగా అటువైపు తుంటి దాకా చక్రంలా దొర్లాలి. ఇదంతా ఎందుకో మాస్టారు అడిగినా చెప్పేవారు, అడక్కపోయినా చెప్పేవారు. ముందు పడుకుని, తర్వాత గొంతుక్కూర్చుని, తర్వాత నిలబడి, తర్వాత ఎవరో తోస్తే. ఇరవై మందిమి ఒకేసారి పడితే ఆ హాల్లో వచ్చే చప్పుడు బయట ఎవరైనా వింటే గోడ కూలిందనుకుంటారు.

విసుగొచ్చిందా అంటే వచ్చింది. ఇంటికెళ్ళి అమ్మకి "ఇవాళ కూడా పడ్డాను" అని రిపోర్టు ఇచ్చేవాణ్ణి. ఆ మూడు వారాలు ముసలాయన చాదస్తం కాదని పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. జూడో పుట్టిన జపాన్‌లోనే, 1983 నుంచి దాదాపు మూడు దశాబ్దాల్లో స్కూళ్ళలో జూడో ఆడుతూ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువ భాగం తలకి తగిలిన దెబ్బలే. చనిపోయినవాళ్ళలో చాలామంది చేరిన మొదటి ఏడాదివాళ్ళు, పడటం ఇంకా సరిగ్గా రానివాళ్ళు. 2012లో అక్కడ మిడిల్ స్కూళ్ళలో యుద్ధవిద్యలు తప్పనిసరి చేసే సమయానికి ఈ లెక్కలు బయటికొచ్చి పెద్ద గొడవైంది. పడటం రాని పిల్లాణ్ణి వెనక్కి పడేసే త్రోలకి అప్పగించడం ఎంత ప్రమాదమో ఆ లెక్కలు చూస్తే తెలుస్తుంది. "పిల్లాడు గట్టిపడాలండీ, కొంచెం దెబ్బలు తగలాలి" అనే నాన్నలు నాకు ఇప్పటికీ కనపడుతుంటారు. తల గట్టిపడదు, సార్.

సరే, అసలు విషయానికొస్తాను. నాలుగో వారం అదిమిపెట్టే పట్టు మొదటిది నేర్పారు, కెసా గటామె అంటారు. పక్కన కూర్చుని ఒక చెయ్యి అవతలివాడి మెడ చుట్టూ వేసి, రెండో చేత్తో వాడి చెయ్యి చంకలో ఇరికించుకుని, ఒంటి బరువంతా వాడి ఛాతీ మీద వేస్తారు. కారిడార్లో నా మెడకి పడే పట్టుకీ దీనికీ అన్నదమ్ముల వరస. నాకు జోడీగా వచ్చింది 80 కిలోల పెద్దమనిషి, ఉద్యోగం అయ్యాక సాయంత్రాలు వచ్చేవారు. మాస్టారు ముందే చెప్పారు. ఊపిరాడకపోయినా, నొప్పిపుట్టినా, భయమేసినా, ఊరికే వద్దనిపించినా రెండుసార్లు తట్టు, అతని ఒంటి మీదో మ్యాట్ మీదో. నోటితో చెప్పక్కర్లేదు. చేతులు ఆడకపోతే కాలితో తట్టు.

ఆయన బరువు మీద పడగానే నా ఒళ్ళు తనకి తెలిసిన పనే చేసింది. బిగుసుకుపోయి, నోరు మూసుకుని, ఆయనకి విసుగొచ్చేదాకా ఆగుదామని చూసింది. ఆయనకి విసుగు రావడంలేదు, పాపం, ఆయన శ్రద్ధగా పాఠం నేర్చుకుంటున్నారు. స్టూలు మీంచి "తట్టరా" అని వినపడింది. తట్టలేదు. "ఒకసారి తట్టి చూడు" అన్నారు. తట్టాను, దోమని కొట్టినట్టు, రెండుసార్లు.

80 కిలోలు లేచిపోయాయి.

ఎందుకు తట్టావని ఎవరూ అడగలేదు. ఇంకాసేపు ఓర్చుకోలేవా అనలేదు. ఎవరూ నవ్వలేదు, అసలెవరూ ఇటు చూడనే లేదు, పక్క జోడీలు వాళ్ళ పనిలో వాళ్ళున్నారు. ఆయన చెమట తుడుచుకుని "ఇప్పుడు నీ వంతు" అన్నారు. నేను పైకప్పు చూస్తూ అలాగే పడుకుండిపోయాను. ఆ రోజు నేనెవర్నీ గెలవలేదు, పైగా ఆట లెక్కలో తట్టడమంటే ఓడిపోయానని ఒప్పుకోవడం. అయినా చెప్తున్నాను, తర్వాత ఎంతోమందిని పడేశాను, రెండు మూడు చిన్న మెడల్స్ కూడా వచ్చాయి, వాటిలో ఒక్కటీ ఆ లేచిపోయిన 80 కిలోలకి సరిరాదు.

బయటివాళ్ళకి ఇది చిన్న రూలులా కనిపిస్తుంది. లోపల ఉన్నవాళ్ళకి తెలుసు, విద్యంతా దీని మీదే నిలబడి ఉందని. తట్టగానే వదుల్తారన్న నమ్మకం ఉంది కాబట్టే ఇద్దరు మనుషులు పూర్తి బలంతో పెనుగులాడి, లేచి, మళ్ళీ రేపు రాగలుగుతారు. ఆ నమ్మకం లేకపోతే రెండే దారులు, ఉత్తుత్తిగా ఆడటం లేదా రోజుకొకడు ఆస్పత్రికి పోవడం. జూడోని కట్టినాయన చేసిన పెద్ద పనుల్లో ఇదొకటి. జూడోకి మూలమైన పాత జపాన్ యుద్ధవిద్య జుజుత్సులో ప్రాణాల మీదికి తెచ్చేవాటిని, గుద్దులూ తన్నులూ లాంటివాటిని విడిగా కతా అనే వరసల్లో భద్రం చేసి, మిగిలినవాటితో రాండోరి, అంటే ఎదుటివాడు నిజంగా ప్రతిఘటించే సాధన, రోజూ చేసుకునేలా ఏర్పాటు చేశాడు.

ఆ కట్టినాయన కథ కూడా చెప్పాలి, ఎందుకంటే ఆయనా మన కుర్రాడే. కానో జిగోరో, పుట్టింది 1860లో. పొట్టివాడు, బక్కవాడు, చదువులో ముందుండేవాడు, ఈ మూడూ కలిస్తే హాస్టల్లో ఏమవుతుందో వేరే చెప్పాలా. జుజుత్సు వస్తే చిన్నవాడు పెద్దవాణ్ణి పడెయ్యొచ్చని విని, తెలిసినవాళ్ళనల్లా నేర్పమని అడిగాడు. కాలం చెల్లిన విద్య, నీకెందుకన్నారు. ఇంట్లో తండ్రికీ ఇష్టం లేదు. చివరికి ఆ కుర్రాడు టోక్యోలో ఎముకలు కట్టేవాళ్ళ కోసం వెతికాడు, ఎందుకంటే పాత జుజుత్సు గురువుల్లో చాలామంది బతుకుదెరువుకి విరిగిన ఎముకలు కట్టేవాళ్ళు. 1877లో అలా ఒకాయన ద్వారా ఫుకుడా హచినోసుకె అనే గురువు దొరికాడు. దెబ్బ కొట్టడం నేర్చుకోవాలంటే కట్టు కట్టేవాణ్ణి పట్టుకోవాలి. నాకు ఈ ముక్క భలే ఇష్టం.

ఇక్కడే కథల గురువు తొంగిచూస్తాడు. కానో ఒక త్రో గురించి చెయ్యి ఎలా పెట్టాలి, కాలెక్కడ పెట్టాలి అని అడిగితే ఫుకుడా జవాబు చెప్పలేదట. రమ్మని పడేశాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ పడేశాడు. అడిగితే వచ్చేది కాదు, పడితే వచ్చేది అని. ఈ సంగతి కానోనే తర్వాత చెప్పుకున్నాడు, ప్రేమగానే చెప్పుకున్నాడు. "చూశారా, అసలైన గురువు వివరించడు" అనేవాళ్ళు ఇది పట్టుకుని ఊగుతారు. వాళ్ళు ఇంకో రెండు సంగతులు కూడా చూస్తే బాగుండును. ఒకటి, అదే చోట ఫుకుషిమా అనే భారీ మనిషిని కానో ఎలా చేసినా పడెయ్యలేకపోయాడు. అప్పుడేం చేశాడు? గురువు రహస్యం చెప్తాడని ఎదురుచూడలేదు. లైబ్రరీకి వెళ్ళి పాశ్చాత్య రెజ్లింగ్ పుస్తకం తిరగేసి, మనిషిని భుజాల మీదికెత్తి పడేసే పట్టొకటి చూసి, స్నేహితులతో సాధన చేసుకుని వచ్చి ఫుకుషిమాని ఎత్తి పడేశాడు. ఇప్పుడు దాన్ని కతా గురుమా అంటారు. రెండోది, 1882లో ఒక గుడిలో 12 చాపల గదిలో తొమ్మిదిమంది శిష్యులతో కోడోకాన్ అనే తన జూడో బడి మొదలుపెట్టాక తను నేర్పిన పద్ధతి. కతా, రాండోరి, ఉపన్యాసం, నాలుగోది మొందో. మొందో అంటే ప్రశ్న జవాబు. ఏ ప్రశ్నకైతే తను నేలకరిచాడో ఆ ప్రశ్నకి తన బడిలో చోటు పెట్టాడు. గురువుని గౌరవించడమంటే గురువు చేసినదంతా మళ్ళీ చెయ్యడం కాదని ఆయనకి అప్పటికే తెలుసు.

మాటలాడని గురువు మీద మనకున్న మోజు ఊరికే ముచ్చట అయితే పర్లేదు, పిల్లల ఒళ్ళు మీదికొస్తుంది కాబట్టే ఇంత రాస్తున్నాను. నోరుమూసుకుని చెప్పింది చెయ్యి, అర్థం తర్వాత తెలుస్తుంది అనే మాటని మంచి గురువూ అంటాడు, దుర్మార్గుడూ అంటాడు. మాటని బట్టి తేడా తెలియదు. జపాన్ మహిళల జూడో జట్టు సంగతి చూడండి. ప్రపంచంలోకెల్లా గట్టి ఆటగత్తెలు. వాళ్ళలో 15 మంది తమ హెడ్ కోచ్ చెంపదెబ్బలు కొడుతున్నాడని, వెదురు కర్రతో బాదుతున్నాడని 2012 చివర్లో వాళ్ళ ఒలింపిక్ కమిటీకి రాయాల్సొచ్చింది. ముందు జూడో ఫెడరేషన్‌కే చెప్పారు, పెద్దగా ఏమీ జరగలేదు. విషయం పేపర్లకెక్కాక 2013 జనవరి ఆఖర్లో ఆ కోచ్ దిగిపోయాడు. ఎవర్నైనా మట్టికరిపించగల 15 మంది, మ్యాట్ బయట తట్టడానికి అంత కష్టపడ్డారు. ఇక 34 కిలోలవాడి గతేంటి?

2022లో అదే ఫెడరేషన్ చిన్నపిల్లల జాతీయ వ్యక్తిగత పోటీలనే ఎత్తేసింది. పిల్లల చేత బరువు తగ్గించడం, కోచ్‌లూ తల్లిదండ్రులూ పక్కనుంచి అరవడం, గెలుపు పిచ్చి ముదిరిపోవడం, ఇవీ కారణాలు. పోటీలు లేకపోతే పిల్లలు ఎలా ఎదుగుతారని చాలామంది గింజుకున్నారు. నాకు మాత్రం ఆ వార్త చదివి మా మాస్టారు గుర్తొచ్చారు. పోటీకి పంపమని నేను అడిగినప్పుడల్లా "ముందు తొడ కండ పెరగనీ" అని ఏడాదిన్నర దాటేశారాయన.

తెలిసినవాళ్ళు పిల్లల్ని ఎక్కడ చేర్చమంటావని అడుగుతుంటారు. గోడ మీద మెడల్స్ చూడకండి, బెల్టు రంగూ చూడకండి అంటాను. (నల్ల బెల్టు ఏళ్ళ తరబడి మట్టి పట్టి నల్లబడిందనే కథ ఉత్త కట్టుకథ. బ్లాక్ బెల్ట్ మొదటి మెట్టుని షోదాన్ అంటారు, మాటకి అర్థమే మొదటి మెట్టని. మధ్యలో రంగురంగుల బెల్టులు 1930ల్లో పారిస్‌లో నేర్పిన కవాయిషి అనే ఆయన వల్ల యూరప్‌లో వ్యాపించాయి. తొందర ఎక్కువగల జనానికి మధ్యలో ఏదో ఒకటి ఇవ్వాలిగా.) ఒక గంట కూర్చుని, ఎవరైనా తట్టినప్పుడు ఏమవుతుందో చూడండి. పట్టుకున్నవాడు ఎంత త్వరగా వదులుతున్నాడు. తట్టినవాణ్ణి ఎవరైనా వెక్కిరిస్తున్నారా. నేర్పేవాడు తను కూడా ఎప్పుడైనా శిష్యుల కింద పడుకుని తడుతున్నాడా, లేక ఎప్పుడూ పైనే ఉంటున్నాడా. ఆ గంటలో అంతా తెలిసిపోతుంది.

మరి చివరి పోటీ? అది కూడా మాట్లాడుకుందాం, లేకపోతే ఊరుకోరు. టోక్యో ఒలింపిక్స్, 2021 ఆగస్టు, కరాటే భారీ బరువు ఫైనల్. సౌదీ అరేబియాకి చెందిన తారిక్ హమీది 4-1తో ముందున్నాడు. ఎత్తుగా ఒక తన్ను తన్నాడు, ఇరాన్‌కి చెందిన సజాద్ గంజ్‌జాదేకి తగిలింది, అతను స్పృహ తప్పి పడిపోయాడు. కథల లెక్కలో ఇక్కడ చప్పట్లు, సంగీతం, శుభం. నిజంలో జడ్జీలు కూర్చుని మాట్లాడుకుని హమీదిని డిస్‌క్వాలిఫై చేశారు, ఎందుకంటే ఆ పోటీల్లో తలకీ మెడకీ తగిలే దెబ్బ అదుపులో ఉండాలి. గంజ్‌జాదే స్ట్రెచర్ మీద వెళ్ళి, మెలకువ వచ్చాక తనకి గోల్డ్ వచ్చిందని విన్నాడు. చాలామందికి ఇది అన్యాయంలా తోచింది, హమీది కన్నీళ్ళు చూస్తే నాకూ మనసు పీకింది. కానీ రూలు రూలే, అది నేల మీద పడినవాడి పక్షాన ఉంది.

నాకు నచ్చిన ఫైనల్ ఇంకోటి ఉంది. 1964, అదీ టోక్యోనే, జూడో ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన ఏడాది. బరువు తేడా లేని విభాగంలో హాలండ్ నుంచి వచ్చిన ఆంటన్ గీసింక్, ఆజానుబాహువు, సొంతగడ్డ మీద జపాన్ ఆశలన్నీ మోస్తున్న కమినాగా అకియోని కెసా గటామెతో అదిమిపెట్టి గెలిచాడు. నా మొదటి పట్టు. పెద్దవాడే గెలిచాడు, చిన్నవాడు ఓడాడు, కథ అడ్డంగా తిరిగింది. ఇంకా మ్యాట్ మీద ఉండగానే ఆనందం పట్టలేక తనవాళ్ళు పరిగెత్తుకొస్తుంటే గీసింక్ చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆ ఫిల్ము ముక్క ఎన్నిసార్లు చూశానో. పట్టు కంటే ఆ చెయ్యే ఎక్కువసార్లు చూశాను.

ఇంతకీ మా కారిడార్ ఏమైందంటారా. చేరిన ఎనిమిది నెలలకి, ఒక మధ్యాహ్నం, మామూలుగానే వెనకనుంచి చెయ్యి పడింది. అప్పటికి నాకు ఆ పట్టులోంచి అవతలివాణ్ణి వెనక్కి పడేసే పద్ధతి ఒకటి వచ్చు. కింద సిమెంటు నేల. వాడికి పడటం రాదు. ఈ ఆలోచన వచ్చింది, నిజమే, కానీ నన్ను మహాత్ముణ్ణి చెయ్యకండి, సగం భయం కూడా ఉంది. ఈలోపు నా చెయ్యి నన్నడక్కుండానే వాడి చెయ్యి మీద రెండుసార్లు తట్టింది. అలవాటు! వాడు వదల్లేదు. ఎందుకు వదుల్తాడు, వాడికేం తెలుసు. కానీ నాకు ఒళ్ళంతా మండిపోయింది. అప్పటిదాకా ఆ చంకలో ఉన్నంతసేపూ నాకు సిగ్గుగా ఉండేది, నేను బక్కగా ఉన్నందుకు, నన్ను చూసి నవ్వుతున్నందుకు. ఆ రోజు మొదటిసారి కోపం వచ్చింది. తట్టాను కదరా, వదలవేంట్రా అని. తప్పు ఎవరిదో నా చేతికి తెలిసిపోయింది.

సాయంత్రం మాస్టారికి చెప్పాను, ఎలా పడెయ్యాలో చెప్తారని. కళ్ళజోడు తుడుచుకున్నారు. "స్కూల్లో ఎవరికి చెప్పావు?" అన్నారు.

"చెప్పినా ఆడుకుంటున్నార్లే అంటారు మాస్టారూ."

"తడితే అవతలివాడికి తెలియలేదనుకో, ఏం చేస్తావు?"

"ఇంకోసారి తడతాను."

"ఊఁ" అన్నారు. మర్నాడు ఆ మోకాలితో మెట్లెక్కి మా హెడ్‌మాస్టర్ గారి గదికి వచ్చారు. ఒకసారికి పని కాలేదు. మూడుసార్లు వచ్చారు. మూడోసారి నన్నూ లోపలికి పిలిపించి, జరిగింది నా చేతే చెప్పించారు, మధ్యలో ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. గురువు నాకోసం చేసిన సాహసం అదీ, కుంటుకుంటూ మూడుసార్లు మెట్లెక్కడం. వాడు నా జోలికి రావడం మానేశాడు. కొన్నాళ్ళు ఇంకొకడి వెంటపడ్డాడని కూడా చెప్పాలి, అంత చక్కగా ఏదీ ముగియదు.

ఇంకొకటి ఉంది, రాయకుండా ముగిద్దామనుకున్నాను. పదిహేడేళ్ళకి నేను 60 కిలోలకి వచ్చాను. బ్యాచ్‌లో చిన్నవాళ్ళకి జోడీగా నన్నే పెట్టేవారు. ఒకరోజు ఒక పిల్లాణ్ణి అదిమిపెట్టాను, పదమూడో పద్నాలుగో ఉంటాయి వాడికి, తట్టాడు. నేను వెంటనే వదల్లేదు. రెండు క్షణాలు, అంతే. ఎందుకని అడిగితే ఇప్పటికీ సరైన జవాబు లేదు, వాడు కింద కొట్టుకుంటుంటే బాగుంది, అదే నిజం. లేచాక చూస్తే మాస్టారు చూస్తున్నారు. "తట్టాడు, తెలిసిందా?" అన్నారు. "చూసుకోలేదు మాస్టారూ" అన్నాను. కళ్ళజోడు తుడుచుకుని ఇంకేం అనలేదు. మర్నాటి నుంచి నెలరోజులపాటు నాకు ఎవర్నీ పట్టుకునే పని ఇవ్వలేదు. ఎవరు కొత్త త్రో నేర్చుకున్నా నేనే వెళ్ళి పడాలి. ఆ పిల్లాడి చేతిలో కూడా పడ్డాను, ఎన్ని వందలసార్లో లెక్కలేదు. శిక్ష అనీ చెప్పలేదు, సాధన అనీ చెప్పలేదు. కారణాలన్నీ అడక్కుండానే చెప్పే మనిషి, ఆ ఒక్కసారి మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు పిల్లల బ్యాచ్‌కి సాయంగా వెళ్తున్నాను. పోయిన నెల ఒక అమ్మాయి చేరింది, తొమ్మిదేళ్ళుంటాయి, ఎవరితోనూ మాట్లాడదు, పేరు అడిగితే నేల చూస్తుంది. పడటం బాగా పట్టుకుంది. మొన్న మొదటిసారి పట్టు పాఠం. తట్టడం గురించి చెప్పి, పడుకోమని, మెల్లగా పట్టు వేశాను. బరువు ఇంకా మోపనే లేదు, టపటపా తట్టింది. వదిలి వెనక్కి జరిగాను. లేచి కూర్చుని నా మొహం చూసింది. మళ్ళీ పడుకుని "ఇంకోసారి" అంది. పట్టుకున్నాను. తట్టింది. వదిలాను. "ఇంకోసారి." మిగతా పిల్లలు ఆటలోకి వెళ్ళిపోయారు, హాలు సర్దేస్తున్నారు, బయట వాళ్ళమ్మ వచ్చి నిలబడింది. తను మళ్ళీ పడుకుంది.